బీపీ చూసే చోటే అడగవలసిన మూడు ప్రశ్నలు

(స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసంలో దివంగతుల గుణగణాలను కొనియాడడం ఒక పద్ధతి. వారు ఏ రంగానికి జీవితం వెచ్చించారో ఆ రంగంలో ఇంకా తేలని ఒక ప్రశ్నను తీసుకుని నలుగురి ముందు విచారించడం మరో పద్ధతి. ప్రజావైద్యం కోసం సాగిన జీవితాన్ని తలచుకునే ఈ సభకు రెండో పద్ధతే తగినదని నా అభిప్రాయం. నేను ఎంచుకున్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. మామూలు ఆరోగ్య పరీక్షకు వచ్చిన వయోజనులను, ఆడా మగా తేడా లేకుండా, మద్యం అలవాటు గురించి అడగాలా, వద్దా? అడగాలన్నదే నా సమాధానం. బీపీ చూసినంత మామూలుగా, అందరినీ, తప్పొప్పులు ఎంచకుండా, సరైన ప్రశ్నలతో అడగాలి. మద్యం వల్ల నష్టపోతున్నవారిలో పెద్ద భాగం దానికి ఇంకా బానిసలు కాలేదు. ఉద్యమాలకు, చట్టాలకు, డీ-అడిక్షన్ కేంద్రాలకు వాళ్లు కనిపించరు. బీపీకో షుగరుకో దగ్గుకో ఆస్పత్రికి వస్తారు కాబట్టి అక్కడ మాత్రం కనిపిస్తారు, మనం అడిగితే.

తెలుగునేల మీద మద్యం గురించి చర్చ తక్కువేమీ జరగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రాజేసిన సారా వ్యతిరేకోద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాదమంతా దుకాణం చుట్టూనే తిరుగుతోంది. లైసెన్సు ఎవరికి, ధర ఎంత, బెల్టు షాపుల సంగతేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడపడం మొదలుపెట్టింది, 2024లో మళ్లీ ప్రైవేటుకు అప్పగించింది. ఇవి అవసరమైన చర్చలే. కానీ ఇవన్నీ అమ్మకం గురించినవి. తాగే మనిషి విషయంలో వైద్యవ్యవస్థ బాధ్యత ఏమిటన్న ప్రశ్న మాత్రం, ఆ మనిషి ఉద్యోగం పోయి, కాలేయం చెడి, ఇల్లు చెదిరిన తర్వాతే మన ముందుకు వస్తోంది. అప్పటికి పదిహేను ఇరవై ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లలో అతను ఎన్నోసార్లు డాక్టరు ముందు కూర్చునే ఉంటాడు.

ఆ మధ్యకాలంలో ఉన్నవారు ఎందరో చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు దేశం మొత్తమ్మీద 19 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం, తెలంగాణలో 43 శాతం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే, దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మందికి ఏదో ఒక సహాయం అవసరమని తేల్చింది. ఈ 5.7 కోట్లలో మద్యానికి బానిసలైనవారు దాదాపు సగమే. మిగతా సగం మంది తాగుడు వల్ల హాని పొందుతున్నా ఇంకా ఆ దశకు చేరనివారు. బానిసలైనవారిలోనైనా చికిత్స అందినవారు 38 మందిలో ఒక్కరేనని అదే నివేదిక చెబుతోంది. వారి స్థితే అది అయితే, ముందు దశలో ఉన్నవారిని పలకరించే నాథుడే లేడని వేరే చెప్పనక్కర్లేదు. బ్రిటిష్ వైద్యశాస్త్రవేత్త జెఫ్రీ రోజ్ 1980లలో వివరించిన ఒక సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. తీవ్రమైన ముప్పులో ఉన్న కొద్దిమంది కంటే, ఓ మోస్తరు ముప్పులో ఉన్న ఎక్కువమంది నుంచే సమాజంలో అధికశాతం జబ్బు పుడుతుంది. కొద్దిమంది మీదే దృష్టి నిలిపే వైద్యం, ఎంత మంచిదైనా, జబ్బులో చిన్న భాగాన్నే తాకుతుంది.

బానిస కాకుండానే హాని ఎలా జరుగుతుందన్న అనుమానం రావచ్చు. మద్యం రక్తపోటును పెంచుతుంది. తాగుడు తగ్గితే రక్తపోటు తగ్గుతుంది. తాగుడు సంగతి అడగని డాక్టరు, బీపీ అదుపులోకి రావడం లేదని మాత్ర మీద మాత్ర పెంచుకుంటూ పోతారు. ఎక్కువగా తాగేవారికి క్షయ వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయం మీద భారం వేసే మందులే, దానికి మద్యం తోడైతే ప్రమాదం పెరుగుతుంది. షుగరు వ్యాధికి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడుతూ ఖాళీ కడుపుతో తాగితే షుగరు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. 2019లో ప్రపంచమంతటా 26 లక్షల మరణాలకు మద్యం కారణమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంట్లో జరిగే హాని వేరు. భర్త తరచుగా తాగి వస్తాడని చెప్పిన భార్యల్లో దాదాపు 70 శాతం మంది అతని చేతిలో హింసకు గురయ్యారు. భర్త తాగనివారిలో అది నాలుగో వంతు కంటే తక్కువ. ఇదీ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కే. వీటిలో ఏ ఒక్కటీ మనిషి పూర్తిగా బానిస అయ్యేదాకా ఆగదు.

నిజానికి మన ప్రభుత్వ వ్యవస్థ అసలు అడగడం లేదని కాదు. 30 ఏళ్లు దాటినవారందరికీ బీపీ, షుగరు, క్యాన్సర్ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమంలో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి నింపే పత్రం ఒకటుంది. అందులో పొగాకు ప్రశ్నకు మెట్లున్నాయి: ఎప్పుడూ లేదు, గతంలో ఉండేది లేదా అప్పుడప్పుడు ఉంది, రోజూ ఉంది. మద్యం దగ్గరికి వచ్చేసరికి ఒకే ప్రశ్న: రోజూ తాగుతారా? అవునంటే ఒక మార్కు, కాదంటే సున్నా. మన ప్రాంతంలో తాగే తీరు తెలిసినవారికి ఇందులోని లోపం వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ చాలామంది రోజూ తాగరు. కూలి డబ్బు చేతికొచ్చిన రోజున, శనివారం రాత్రి, పెళ్లిలో, పండక్కి, దావత్‌లో తాగుతారు. తాగిన రోజున మాత్రం ఎక్కువ తాగుతారు, అదీ బ్రాందీ, విస్కీ వంటి ఘాటు మద్యమే. ఆరోగ్యం చెడేది ఎన్ని రోజులు తాగారన్న దానితోనే కాదు, ఒక్క విడతలో ఎంత తాగారన్న దానితో కూడా. రోడ్డు ప్రమాదాలు, కొట్లాటలు, గుండె లయ తప్పడం వంటివి ఆ ఒక్క రాత్రి తాగుడు నుంచే వస్తాయి.

సరైన ప్రశ్నలు ఏవన్నది ఎప్పుడో తేలిన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరిశోధన చేయించి ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పత్రాన్ని తయారు చేయించింది. ఆ పరిశోధన 1993లో ప్రచురితమైంది. మొత్తం 40 మార్కులు. 8 లేదా అంతకు మించి వస్తే జాగ్రత్త పడాలి, 20 లేదా అంతకు మించి వస్తే బానిసత్వం ఉందేమో నిపుణులు చూడాలి. అందులోని మొదటి మూడు ప్రశ్నలనే విడిగా తీసి ‘ఆడిట్-సి’గా వాడుతున్నారు. ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజున ఎంత తాగుతారు, ఒకే విడతలో ఆరు డ్రింకులు లేదా అంతకు మించి ఎన్నాళ్లకోసారి తాగుతారు? మొత్తం 12 మార్కులు. సాధారణంగా మగవారికి 4, ఆడవారికి 3 వస్తే మిగతా ప్రశ్నలు అడగాలి. ఈ లెక్కలో ఒక డ్రింకు అంటే పది గ్రాముల ఆల్కహాలు. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. కాబట్టి 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒక డ్రింకు, 180 మిల్లీలీటర్ల క్వార్టరు ఆరు డ్రింకులు. అంటే ఆడిట్‌లో ‘ఒకే విడతలో ఆరు’ అని హెచ్చరించే హద్దు మన క్వార్టరు సీసాయే. ప్రతి శనివారం ఒక క్వార్టరు పూర్తిచేసే మనిషిని తీసుకోండి. ఈ మూడు ప్రశ్నలకు అతనికి 2, 2, 3 చొప్పున మొత్తం 7 మార్కులు వస్తాయి. ఆశా కార్యకర్త పత్రంలో అదే మనిషికి వచ్చేది సున్నా. ముప్పులో ఉన్న మనిషికి ముప్పు లేదని మన కాగితం ధ్రువపత్రం ఇస్తోంది. ప్రైవేటు ఆస్పత్రుల మాస్టర్ హెల్త్ చెకప్‌లు కూడా ఈ పనికి చాలవు. కాలేయ ఎంజైములు మామూలుగా ఉన్నంత మాత్రాన తాగుడు ప్రమాదకర స్థాయిలో లేదని చెప్పలేం. ఈ విషయంలో రక్తపరీక్ష కంటే ప్రశ్నే మేలైన పరికరం.

అడిగితే సరిపోతుందా, దానివల్ల తాగుడు తగ్గుతుందా? వాదానికి అసలు కీలకం ఇక్కడ ఉంది. 1977లో లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం మద్యం సమస్యతో వచ్చిన వంద మంది మగవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నెలల తరబడి పూర్తి చికిత్స, రెండో జట్టుకు ఒక్క పూట సలహా ఇచ్చి చూసింది. ఏడాది తర్వాత రెండు జట్లకూ పెద్ద తేడా కనిపించలేదు. క్లుప్తమైన సలహా మీద ఆ తర్వాత పరిశోధనలు విరివిగా జరిగాయి. 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 69 అధ్యయనాలను, 33 వేల పైచిలుకు మనుషులను పరిశీలించింది. క్లుప్త సలహా పొందినవారు ఏడాది తర్వాత వారానికి సగటున 20 గ్రాముల ఆల్కహాలు తక్కువ తాగుతున్నారని తేలింది. ఎక్కువసేపు కౌన్సెలింగ్ చేసినందువల్ల పెద్దగా అదనపు ప్రయోజనం లేదని కూడా తేలింది. అదే ఏడాది అమెరికా నివారణ వైద్య సేవల కార్యదళం, 18 ఏళ్లు నిండిన వారందరినీ, గర్భిణులతో సహా, ప్రాథమిక వైద్యంలో అడిగి సలహా ఇవ్వాలని సిఫారసు చేసింది. 12 నుంచి 17 ఏళ్ల పిల్లల విషయంలో మాత్రం ఆధారాలు చాలవని నిజాయితీగా చెప్పింది. ఇంగ్లండులో 40 నుంచి 74 ఏళ్లవారికి చేసే ఉచిత ఆరోగ్య పరీక్షలో 2013 నుంచి మద్యం ప్రశ్నలు భాగమయ్యాయి.

ఇవన్నీ ధనిక దేశాల లెక్కలు, మనకు పనికిరావు అనేవారికి గోవా సమాధానం చెబుతుంది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన మగవారిని ఆడిట్ ప్రశ్నలతో గుర్తించి, 12 నుంచి 19 మార్కులు వచ్చిన 377 మంది మీద అభిజిత్ నడ్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం ఒక పరీక్ష జరిపింది. తొలి ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సలహా ఇచ్చినవారు డాక్టర్లు కారు, మానసిక నిపుణులూ కారు. స్థానిక భాష వచ్చి, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఎక్కువలో ఎక్కువ నాలుగు విడతల సంభాషణ. మూడు నెలల తర్వాత ప్రమాద స్థాయి నుంచి బయటపడినవారు సలహా పొందిన జట్టులో 36 శాతం, పొందని జట్టులో 26 శాతం. ఏడాది తర్వాత చూస్తే 54 శాతం, 32 శాతం. తేడా తగ్గలేదు, పెరిగింది. కొంకణిలో సాధ్యమైనది తెలుగులో సాధ్యం కాకపోవడానికి కారణమేదీ నాకు కనిపించడం లేదు.

ఈ ఆధారాల పరిమితిని కూడా దాచకుండా చెప్పాలి. వారానికి 20 గ్రాములంటే రెండు చిన్న పెగ్గులు. ఒక్క మనిషికి అది గొప్ప మార్పేమీ కాదు. గోవాలో కూడా మూడు నెలలకు, తాగుడు కొనసాగించినవారు రోజుకు తాగే పరిమాణంలో తేడా కనిపించలేదు. పూర్తిగా మానినవారి వల్లే ఫలితం కనబడింది. 2013లో ఇంగ్లండులో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, ఫలితం చెప్పి కరపత్రం చేతికిచ్చిన జట్టుకూ, ఐదు నిమిషాల సలహా జట్టుకూ, ఇరవై నిమిషాల కౌన్సెలింగ్ జట్టుకూ తేడా రాలేదు. దీన్ని చూపి మొత్తం పనే వృథా అనేవారున్నారు. నాకు అందులో వేరే పాఠం కనిపిస్తుంది. పొడుగాటి ఉపదేశం అక్కర్లేదు. అడగడం, వచ్చిన మార్కు అర్థం ఏమిటో మనిషికి చెప్పడం, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అడగడం చాలు. చిన్న మార్పు కోట్ల మందిలో జరిగితే అది చిన్నది కాదు. అంతకు మించి వాగ్దానం చేస్తే మాత్రం మనం ప్రజలను మోసం చేసినవాళ్లమవుతాం.

ఇక అభ్యంతరాలు. మొదటిది: జనం నిజం చెప్పరు. కొంత దాస్తారన్నది నిజమే. కానీ నిజం చెప్పడం అడిగే తీరును బట్టి ఉంటుంది. పది మంది వరుసలో నిలబడి వింటుండగా ‘మందు తాగుతావా?’ అని గద్దిస్తే ఎవరైనా లేదనే అంటారు. తిండి, నిద్ర, పొగాకు గురించి అడిగే వరుసలో, చాటుగా, ‘అన్నా, అందరినీ అడిగినట్టే మిమ్మల్నీ అడుగుతున్నాను, కల్లు, బీరు, బ్రాందీ లాంటివి ఎన్నాళ్లకోసారి తీసుకుంటారు?’ అంటే చెప్పేవారు చాలామంది ఉంటారు. గోవాలో చెప్పబట్టే కదా గుర్తించగలిగారు! పైగా సగం దాచినా మార్కులు హద్దు దాటినవారు నిస్సందేహంగా సహాయం కావలసినవారే. దాచినవారికి కూడా, ఇక్కడ ఈ మాట ఎత్తవచ్చునన్న సంగతి తెలుస్తుంది. మనసు మారిన రోజున ఎక్కడికి రావాలో తెలుస్తుంది.

రెండో అభ్యంతరం మర్యాదకు సంబంధించినది. పెద్దమనుషులను, ముఖ్యంగా ఆడవారిని, ఇలా అడగడం అవమానం కదా అంటారు. కొందరినే ఎంచి అడిగితే అది అవమానమే. బట్టలు చూసి, కులం చూసి, పేట చూసి అడిగితే అది అవమానమే. అందరినీ అడిగినప్పుడు అందులో నిందకు చోటు ఉండదు. తెలంగాణ మహిళల్లో మద్యం తీసుకునేవారు 6.7 శాతం, దేశ సగటుకు ఐదు రెట్లు. ఆడవారు తాగరన్న మర్యాదపూర్వకమైన ఊహ కింద ఇంతమందిని వైద్యం వదిలేస్తోంది. గర్భంలో శిశువు మీద ప్రభావం ఉన్న విషయాన్ని గౌరవం పేరుతో అడగకపోవడం గౌరవం కాదు, నిర్లక్ష్యం.

మూడో అభ్యంతరం: తీరిక ఎక్కడుంది? ఉదయం ఓపీలో పదుల మందిని చూసే డాక్టరు మీద ఈ పని పెడితే అది తప్పకుండా మొక్కుబడి అవుతుంది. అందుకే డాక్టరు మీద పెట్టకూడదు. మూడు ప్రశ్నలకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. బీపీ చూసే నర్సు, ఏఎన్ఎం, ఆరోగ్య ఉపకేంద్రంలో కూర్చునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు అడగగలరు. హద్దు దాటిన కొద్దిమందికే మిగతా ఏడు ప్రశ్నలు, వారిలో మరీ ఎక్కువ మార్కులు వచ్చినవారే డాక్టరు దగ్గరికి. అయితే ఈ అదనపు పనికి శిక్షణ, వేతనం ఇవ్వకుండా ఆశా కార్యకర్తల నెత్తిన మరో కాగితం పెట్టడాన్ని నేను సమర్థించను.

నాలుగోది గోప్యత. ఈ మార్కు యజమానికి, బీమా కంపెనీకి చేరితే? ఈ భయం అకారణం కాదు. మద్యపాన చికిత్సకు డబ్బు చెల్లించబోమన్న షరతు ఆరోగ్య బీమా పాలసీల్లో ఉంటూనే ఉంది. మద్యం దుర్వినియోగంతో ముడిపడిన స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన పరిధిలోకి తీసుకుంది, అదే చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ఆ హక్కు ఇక్కడ అమలు కావాలి. ఉద్యోగ నియామక పరీక్షల్లో ఈ ప్రశ్నలు వాడకూడదు. వైద్యం కోసం చెప్పిన మాట వైద్యం గడప దాటకూడదు. ఈ హామీ ఇవ్వలేని చోట పరీక్ష మొదలుపెట్టకపోవడమే న్యాయం.

ఐదోది, అన్నింటికంటే బలమైనది: అమ్మించేదీ ప్రభుత్వమే, ఆదాయం తీసుకునేదీ ప్రభుత్వమే, ఇప్పుడు తాగేవాణ్ణి ప్రశ్నించేదీ అదేనా? దుకాణాలు తగ్గించకుండా మనిషికి సుద్దులు చెప్పడం బాధ్యత తప్పించుకోవడం కాదా? ఈ విమర్శలోని నైతిక బలాన్ని నేను అంగీకరిస్తాను. ధర, లభ్యత, ప్రకటనల మీద అదుపు వల్ల కలిగే మేలు ఏ సలహా వల్లా కలగదు. కానీ ఒకటి చేసేదాకా రెండోది ఆపాలన్న వాదన నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన ఐదు చర్యల్లో లభ్యత నియంత్రణ, తాగి వాహనం నడపడంపై చర్యలు, ప్రకటనల నిషేధం, ధరల పెంపుతో పాటు ఈ పరీక్ష, సలహా, చికిత్స కూడా ఒకటి. దుకాణం మూతపడేదాకా ఆగమని ఈ రోజు బీపీ పెరిగి వచ్చిన రోగితో చెప్పలేం. పైగా ఎన్ని గ్రామాల్లో ఎందరు ముప్పులో ఉన్నారో ఆరోగ్యశాఖ లెక్కల్లోనే తేలితే, ఎక్సైజు శాఖ ఆదాయపు లెక్క పక్కన ఈ లెక్కను పెట్టి అడగడానికి ప్రజలకు ఒక ఆధారం దొరుకుతుంది.

చివరి అభ్యంతరం వైద్యులదే: చికిత్స లేకుండా పరీక్ష ఎందుకు? 1968లో విల్సన్, యుంగ్నర్‌లు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన స్క్రీనింగ్ సూత్రాల్లో ముఖ్యమైనది ఇదే. జబ్బును పట్టుకున్నాక చేయడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ముప్పు దశలో ఉన్నవారికి సలహాయే చికిత్స కాబట్టి అది చేతిలో ఉన్నట్టే. బానిసలైనవారి సంగతి వేరు. అలాంటివారిని ‘రేపటినుంచి మానెయ్’ అని పంపితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం పోవచ్చు. వారిని వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. తెలంగాణలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారికి హానిచేసేది ఆల్కహాలు ఒక్కటే కాదు. డ్రింకుల లెక్క వారి స్థితిని చెప్పదు. అకస్మాత్తుగా కల్లు దొరక్కపోతే ఏం జరుగుతుందో 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వచ్చిన రోగులు చూపించారు. అందువల్ల ఇక్కడి ప్రశ్నపత్రంలో కల్లు గురించి, తాగకపోతే ఏమవుతుందన్న దాని గురించి విడిగా అడగాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో సురక్షితంగా మాన్పించే పడకలు, మందులు ఉండాలి.

కాబట్టి నేను కోరేవి నాలుగే. ఆశా కార్యకర్త పత్రంలోని ‘రోజూ తాగుతారా’ అన్న ఒక్క ప్రశ్న తీసేసి, క్వార్టరు, పెగ్గు, బీరు, కల్లు కొలతల్లో మూడు ప్రశ్నలు పెట్టాలి. అడిగే సిబ్బందికి తెలుగులో శిక్షణ ఇచ్చి, ఆ పనికి తగిన వేతనం ఇవ్వాలి. చెప్పిన మాట బయటకు పోదన్న హామీని చట్టబద్ధం చేయాలి. బానిసలైనవారికి జిల్లా స్థాయిలో చికిత్స సిద్ధంగా ఉంచాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఒక్కటి ఒక జిల్లాలో ముందుగా మొదలుపెట్టి, ఫలితాలను లెక్కగట్టి బయటపెట్టినా మిగతా దేశానికి దారి చూపినట్టవుతుంది. ఈ సభలో ఉన్న వైద్యులకు, నర్సులకు నా విన్నపం ఒక్కటే. ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకండి. రేపు ఉదయం మీ ఓపీలో బీపీ చూసిన ప్రతి ఒక్కరినీ ఆ మూడు ప్రశ్నలు అడగండి. సహాయం కావాలన్నవారికి జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ-మానస్ 14416 నంబర్లు రాసివ్వండి. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ అడగండి.